ఎర్రమట్టి బడి

ఊరికి దూరంగా, చెట్ల నీడన ఓ బొమ్మల బడి. మొదలై వందేళ్లు దాటింది. అక్కడ చదువుకున్నవాళ్లు దేశమంతా పేరు తెచ్చుకున్నారు. మరి ఆ బడి గోడ పక్కనే ఉంటూ ఎప్పుడూ లోపల కూర్చోని పల్లెల మాటేమిటి? శాంతినికేతన్ చుట్టుపక్కల ఊళ్లు తిరిగితే ఆ కథ తెలుస్తుంది.

హౌరాలో రైలెక్కితే బోల్‌పూర్ సుమారు మూడు గంటల ప్రయాణం. బర్దమాన్ దాటేదాకా కిటికీలోంచి చూస్తే కోనసీమలో ఉన్నట్టే అనిపిస్తుంది. వరి చేలు, చెరువులు, గట్ల మీద తాటిచెట్లు. అజయ్ నది వంతెన దాటాక మాత్రం నేల రంగు మారుతుంది. ఎర్రటి కంకర నేల. వానలకు కోసుకుపోయి గుట్టలూ గండ్లుగా మిగిలిన ఆ నేలను అక్కడివాళ్లు ఖోయాయ్ అంటారు. మన జహీరాబాద్ వైపు తిరిగినవాళ్లకు ఆ రంగు కొత్తేమీ కాదు.

స్టేషన్ బయట బ్యాటరీ రిక్షాలు బారులు తీరి ఉంటాయి. స్థానికుల భాషలో టోటోలు. వాటిలో ఎక్కి దిగేవాళ్లను కాసేపు గమనిస్తే ఒక విషయం కనిపిస్తుంది. చాలామంది భుజాన తోలు సంచి వేలాడుతూ ఉంటుంది. ముదురు ఎరుపో గోధుమ రంగో, దాని మీద అదిమి తీర్చిన పువ్వో లతో. కోల్‌కతాలో కాలేజీ పిల్లల నుంచి రిటైరైన మాస్టార్ల దాకా అందరికీ తెలిసిన సంచి అది. పెద్ద ఫ్యాక్టరీలో తయారయ్యేది కాదు. బోల్‌పూర్ చుట్టుపక్కల ఇళ్లలో, చిన్న చిన్న షెడ్లలో చేస్తారు. చేసేవాళ్లలో ఎక్కువమంది ఏ ఆర్ట్ కాలేజీ గడపా తొక్కినవాళ్లు కాదు. కానీ వాళ్లకు పని నేర్పిందెవరు, ఆ నేర్పినవాళ్లకు నేర్పిందెవరు అని వెనక్కి వెతుక్కుంటూ పోతే దారి చివరికి కళాభవన్ దగ్గరికో, దాని పక్కనే ఉన్న శ్రీనికేతన్ దగ్గరికో చేరుతుంది.

చెట్ల కింద మొదలు

ఈ బీడు భూమిని రవీంద్రనాథ్ ఠాగూర్ తండ్రి దేవేంద్రనాథ్ 1863లో తీసుకున్నారు. ఏడాకుల పాల చెట్టు కింద ధ్యానం చేసుకోవడానికి ఆయనకు ఆ చోటు నచ్చింది. 1901లో రవీంద్రుడు అక్కడే ఐదుగురు పిల్లలతో బడి పెట్టారు. 1919లో కళాభవన్ మొదలైంది. ఆ ఏడాది మనకూ గుర్తుండాల్సిందే. ఫిబ్రవరిలో మదనపల్లె వచ్చిన రవీంద్రుడు ‘జనగణమన’ను ఇంగ్లిష్‌లోకి అనువదించింది అప్పుడే.

అప్పట్లో బొమ్మలు నేర్చుకోవాలంటే కోల్‌కతా, మద్రాసు, బొంబాయి, లాహోర్... అన్నీ పట్నాలే. ప్రభుత్వ బడులే. ప్లాస్టర్ బొమ్మను ముందు పెట్టుకుని, దాని వెలుగునీడలు తూచా తప్పకుండా కాగితం మీదికి దించడం పాఠం. శాంతినికేతన్‌లో పాఠం వేరు. 1920ల మొదట్లో కళాభవన్ పగ్గాలు అందుకున్న నందలాల్ బోస్ పిల్లల్ని ఆరుబయటికి తోలేవారు. చెట్టును చూడండి, గేదెను చూడండి, సంతకు వెళ్లే మనిషి నడక చూడండి అనే బడి అది. ఈజిల్ ముందు నిలబడటం లేదు. నేల మీద కూర్చుని, ముందు చిన్న బల్ల పెట్టుకుని గీయడమే. ఆయన జేబులో ఎప్పుడూ కార్డులుండేవి. కనిపించిందల్లా వాటి మీద గీసి శిష్యులకు పోస్టు చేసేవారు. ఉత్తరం బదులు ఓ కొంగ బొమ్మ వస్తే ఆ శిష్యుడు ఎంత మురిసిపోయేవాడో!

ఇంకో విశేషం. నందలాల్ దృష్టిలో గురువంటే డిగ్రీ ఉన్నవాడే కానక్కర్లేదు. గోడమీద తడి సున్నంలో చిత్రాలు వేసే పద్ధతి నేర్పడానికి జైపూర్ నుంచి నర్సింగ్‌లాల్ అనే మేస్త్రీని పిలిపించారు. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన సుకుమారీ దేవి చేతిలో అద్భుతమైన అల్పన ఉందని తెలిసి ఆమెతోనే పిల్లలకు నేర్పించారు. అల్పన అంటే బెంగాలీల ముగ్గు. మన పొడి ముగ్గులా రాల్చరు. బియ్యప్పిండి నీళ్లలో గుడ్డపేలిక ముంచి, దాన్ని చేతిలో నొక్కుతూ ఉంగరపు వేలి మీదుగా ధారలా వదులుతారు. వ్రతాలప్పుడు ఆడవాళ్లు ఇంట్లో వేసుకునే ఆ ముగ్గు శాంతినికేతన్‌లో ఉత్సవ వేదికల మీదికి ఎక్కింది. నందలాల్ పెద్దకూతురు గౌరీ భంజ దాన్ని దశాబ్దాల పాటు అక్కడి ఆడపిల్లల చేతుల్లో పెట్టారు. ఇంటి ముంగిట పనికి క్లాసురూములో గౌరవం దక్కడం... ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు.

ఊరే పాఠం

కళాభవన్ ఆవరణలో ఓ రేకుల నీడన నిలబడి ఉంటుంది ఆ కుటుంబం. మొగుడు కావడి మోస్తున్నాడు. ఒక బుట్టలో బిడ్డ. పక్కన భార్య. కాళ్ల దగ్గర కుక్క. ఉన్నదంతా మోసుకుని ఏదో పని దొరికే చోటికి నడుస్తున్నారు. రాంకింకర్ బైజ్ 1938లో చేసిన ‘సంతాల్ కుటుంబం’ ఇది. పాలరాయి కాదు, కంచు కాదు. ఇనప చట్రం మీద సిమెంటు, ఆ నేలలోనే దొరికే ఎర్ర కంకర కలిపి మెత్తారు. దగ్గరికి వెళ్లి చూస్తే ఒళ్లంతా గరుకు. ఖోయాయ్ నేలే లేచి నడుస్తున్నట్టుంటుంది.

రాజులకూ దొరలకూ తప్ప విగ్రహాలు లేని కాలమది. కూలికి పోయే గిరిజనులను నిలువెత్తు కంటే పెద్దగా బహిరంగంగా నిలబెట్టడం ఎంత తెగువో ఇప్పుడు ఊహించడం కష్టం. మన దేశంలో ఆధునిక శిల్పకళకు ఇదే తొలి బహిరంగ విగ్రహమని చాలామంది కళా చరిత్రకారులు చెబుతారు. రాంకింకర్ కూడా పెద్దింటి బిడ్డేమీ కాదు. బాంకుడాలో క్షురక వృత్తి చేసుకునే కుటుంబంలో 1906లో పుట్టారు. 1925లో ఈ బడికి వచ్చి, 1980లో కన్నుమూసేదాకా ఇక్కడివాడిగానే ఉన్నారు. అక్కడికి కాస్త దూరంలోనే ఆయన 1956లో చేసిన ‘మిల్ కాల్’ కనిపిస్తుంది. సైరన్ కూయగానే రైస్ మిల్లుకు పరుగెత్తే ఇద్దరు ఆడవాళ్లు. తడి చీరలు గాలికి ఎగురుతూ నడుస్తూనే ఆరుతుంటాయి. పొద్దున్నే పనికి పరుగెత్తే తల్లిని చూసిన ఏ ఇంటివాళ్లకైనా ఆ బొమ్మ గురించి వేరే చెప్పక్కర్లేదు.

మట్టి ఇళ్లూ అంతే. 1935లో రవీంద్రుడి పుట్టినరోజుకు ‘శ్యామలి’ కట్టారు. గోడలే కాదు, పైకప్పూ మట్టే. నిప్పు అంటుకోని ఇల్లు పేదవాడికి దొరకాలన్నది ఆయన తపన. గోడల మీద రాంకింకర్, ఆయన విద్యార్థులు సంతాల్ బొమ్మలు ఉబ్బెత్తుగా తీర్చారు. 1940లో గాంధీజీ, కస్తూర్బా వచ్చినప్పుడు అందులోనే ఉన్నారు. పిల్లల హాస్టల్‌గా కట్టిన ‘నల్ల ఇల్లు’ మట్టి గోడలకు వాన దెబ్బ తగలకుండా తారు పూశారు. చుట్టుపక్కల సంతాల్ ఇళ్లు చూసినవాళ్లకు ఇదెక్కడి నుంచి వచ్చిందో ఇట్టే అర్థమవుతుంది. సొహ్రాయ్ పండక్కి వాళ్ల ఆడవాళ్లు గోడలు నున్నగా అలికి, కింద నల్లటి పట్టీ, పైన ఎర్రమట్టి, తెల్లమట్టి చారలు తీరుస్తారు. గీతకు గీత వంకర పోదు. బడి ఊరికి నేర్పిందనుకుంటాం కానీ, లెక్క తీస్తే మొదట ఊరే బడికి నేర్పింది.

ఇదే బడిలో బినోద్ బిహారీ ముఖర్జీ అని ఇంకో గురువు. పుట్టుకతోనే చూపు అంతంతమాత్రం. అయినా 1940లో హాస్టల్ పైకప్పు నిండా బీర్భూమ్ పల్లెల్ని చిత్రించారు... మధ్యలో చెరువు, చుట్టూ చెట్లు, గుడిసెలు, పశువులు, మనుషులు. మంచం మీద పడుకుని చూస్తే ఊరంతా నెత్తిమీద తిరుగుతుంది! 1957 ప్రాంతంలో ఆయనకు చూపు పూర్తిగా పోయింది. అయినా పని మానలేదు. ఆయన శిష్యుడు సత్యజిత్ రే 1972లో ఆయన మీద ‘ది ఇన్నర్ ఐ’ డాక్యుమెంటరీ తీశారు.

మన తెలుగువాళ్లూ ఈ చెట్ల కింద కూర్చున్నారు. రాయప్రోలు సుబ్బారావు, బెజవాడ గోపాలరెడ్డి సాహిత్యం కోసం వెళ్లారు. వరంగల్ ప్రాంతం నుంచి వెళ్లిన కొండపల్లి శేషగిరిరావు అక్కడి గురువుల దగ్గర బొమ్మలు నేర్చుకుని, హైదరాబాద్ వచ్చి తరాల విద్యార్థులకు గురువయ్యారు. ఇంకో దారి కాస్త చుట్టు తిరిగి వచ్చింది. కళాభవన్‌లో 1948 దాకా చదివిన కె.జి.సుబ్రహ్మణ్యన్ బరోడాలో పాఠాలు చెప్పారు. 1960ల్లో మెదక్ జిల్లా నిజాంపూర్ కుర్రాడొకరు ఆయన దగ్గర చేరారు. ఆ కుర్రాడే లక్ష్మాగౌడ్. తన ఊరి మనుషులు, మేకలు, చెట్లు చాలు బొమ్మ గీయడానికి అన్న ధీమాకు బీర్భూమ్ ఎర్రమట్టితో ఇంతో అంతో చుట్టరికం ఉంది. సుబ్రహ్మణ్యన్ తర్వాత శాంతినికేతన్‌కు తిరిగొచ్చారు. అక్కడి డిజైన్ భవనం గోడల నిండా నలుపు తెలుపుల్లో ఆయన వేసిన బొమ్మలున్నాయి. 2009లో, 85 ఏళ్ల వయసులో, పరంజా ఎక్కి మళ్లీ కొత్తగా వేశారు వాటిని.

చదువు ఊళ్లోకి నడిచింది

పల్లెను చూసి బొమ్మలేసుకుని ఊరుకుంటే కథ ఇక్కడితో అయిపోయేది. చేతిలో పనిలేని రైతు ఇంటికి ఆ బొమ్మ అన్నం పెట్టదు కదా! రవీంద్రుడికి ఆ సంగతి తెలుసు. 1922లో పక్కనే సురుల్ గ్రామం దగ్గర శ్రీనికేతన్ పెట్టారు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన లియొనార్డ్ ఎల్మ్‌హర్స్ట్ దాని తొలి సారథి. వ్యవసాయం, మలేరియా నివారణ, సహకార సంఘాలతో పాటు చేతిపనులు కూడా అందులో భాగం. నేత, కుమ్మరం, వడ్రంగం, తోలు పని, లక్క పని. రెండు మైళ్ల దూరంలో ఒకవైపు బొమ్మల బడి, మరోవైపు పనుల బడి. కళాభవన్‌లో పుట్టిన నమూనా శ్రీనికేతన్ మగ్గం మీదికో, తోలు మీదికో చేరేది. అక్కడి నుంచి ఊళ్లోకి.

రవీంద్రుడి కుమారుడు రథీంద్రనాథ్, కోడలు ప్రతిమాదేవి ఈ పనుల మీద ప్రత్యేకంగా మనసు పెట్టారు. తోలు పని అలా వచ్చిందే. నానబెట్టిన తోలు మీద నమూనా కాగితం పరిచి, మొన ఉన్న పనిముట్టుతో అదుముతారు. గీత లోతుగా దిగాక రంగులు అద్దుతారు. ఆరాక మెరుగు పెట్టి, అంచులకు సన్నటి తోలు తాడు అల్లుతారు. మైనం పూసి రంగులో ముంచే బాతిక్‌కు జావా ప్రేరణ. 1927లో రవీంద్రుడి వెంట జావా వెళ్లిన సురేంద్రనాథ్ కర్ ఆ పనిని దగ్గర నుంచి చూసి వచ్చారు. లక్క పని కోసం దూరం పోలేదు. దగ్గర్లోని ఇలంబజార్‌లో తరాలుగా లక్క బొమ్మలు చేసే కుటుంబాలుండేవి. వాళ్లను పిలిచి నేర్పించమన్నారు. మన ఏటికొప్పాక బొమ్మలకు దూరపు బంధువులన్నమాట. విచారమేమిటంటే ఇలంబజార్ లక్క నిలవలేదు. బయటి నుంచి వచ్చిన తోలు పని మాత్రం ఊరి ముద్ర అయి కూర్చుంది. 2007లో ‘శాంతినికేతన్ తోలు వస్తువుల’కు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

కోపాయ్ నది దగ్గర ‘అమార్ కుటీర్’ ఉంది. అంటే నా కుటీరం. 1920ల్లో స్వాతంత్ర్య సమరయోధులు తలదాచుకున్న చోటు. తర్వాత సహకార సంఘంగా మారింది. తోలు పని, బాతిక్, కుట్టుపని చేసే చుట్టుపక్కల పల్లెలవాళ్లకు అది ఆధారం. అక్కడ కాసేపు నిలబడి చూస్తే, గీతలు అదిమే మనిషి నమూనా వైపు చూడకుండానే లత ముగించేస్తుంటాడు. అది ఎవరి గీత? నందలాల్‌దా, అతడిదా? అడిగితే అతనే నవ్వేయవచ్చు.

బొంతకు పట్టాభిషేకం

కాంథా కథ ఇంకా పెద్దది. కాంథా అంటే ఏదో కాదు... మన బొంతే. మాట కూడా సంస్కృత ‘కంథ’ నుంచి వచ్చిందే. పాత చీరలు, పంచెలు రెండు మూడు పొరలుగా పరిచి, అంచుల నుంచి లాగిన దారంతో ముందుకూ వెనక్కూ కుట్టుకుంటూ పోతారు. పసిబిడ్డకు పరుపు, చలికి దుప్పటి. బీద ఇళ్ల పని. అమ్మాలని ఎవరూ అనుకోలేదు. కళాభవన్ ఆడపిల్లలు, ఠాగూర్, బోస్ కుటుంబాల ఆడవాళ్లు ఆ కుట్టును తెచ్చి కొత్త గుడ్డ మీద, కొత్త నమూనాలతో పెట్టారు. అదే తర్వాత పట్టు మీదికి, టస్సర్ మీదికి ఎక్కింది. ఇవాళ మన హైదరాబాద్ ఎగ్జిబిషన్లలో వేలకు వేలు పలికే కాంథా చీర పుట్టుక ఇది.

ఆ చీర కుట్టే చేతులు ఎక్కువగా బోల్‌పూర్, నానూర్, ఇలంబజార్ వైపు పల్లెలవి. వాళ్లలో ముస్లిం మహిళలు చాలామంది. వంటా వార్పూ అయ్యాక మధ్యాహ్నం అరుగు మీద నలుగురూ చేరి చీర నాలుగు వైపులా పట్టుకుంటారు. ఒళ్లంతా పనున్న చీర పూర్తి కావాలంటే నెలలు పడుతుంది. గుడ్డ వాళ్లది కాదు. దారం వాళ్లది కాదు. నమూనా కూడా అచ్చు వేసి ఇస్తారు. వ్యాపారి ఇచ్చిన సరుకు కుట్టి, చీరకింత అని కూలి తీసుకోవడమే. చీర కోల్‌కతా చేరేసరికి ధర ఎన్నో మెట్లు ఎక్కుతుంది. కూలి మాత్రం ఆ మెట్లెక్కదు. కుట్టిన మనిషి పేరు చీరతో పాటు ఎక్కడికీ పోదు.

అందుకే 2024లో బీర్భూమ్ జిల్లా కాంథా కళాకారిణి తక్దీరా బేగంకు పద్మశ్రీ ప్రకటించినప్పుడు ఆ అరుగుల మీద దాని బరువు వేరు. ‘సంతాల్ కుటుంబం’ ఎదుట నిలబడితే ఒక ప్రశ్న రాక మానదు. ఆ మొగుడూ పెళ్లాల పేర్లేమిటి? రాంకింకర్ పేరు అందరికీ తెలుసు. వాళ్ల పేర్లు తెలియవు. ఒక పల్లె మొదట బొమ్మలో మనుషులుగా కనిపించింది. తర్వాత కూలికి పనిచేసే చేతులుగా మిగిలింది. పేరున్న కళాకారులుగా మారడానికి ఇన్నేళ్లు పట్టిందంటే ఆ బడి గొప్పతనాన్ని తక్కువ చేసినట్టు కాదు. కానీ జరిగింది అదే. ఇప్పుడు సంతాల్ పిల్లలు కొందరు అదే కళాభవన్‌లో చదువుకుంటున్నారు. దగ్గర్లోని బిష్ణుబాటి గ్రామంలో సంతాల్‌లే తమ పనిముట్లు, వాయిద్యాలు, నగలు పోగేసి చిన్న మ్యూజియం పెట్టుకున్నారు. తమ కథ తామే చెప్పుకుంటున్నారన్నమాట.

శనివారం సంత

సోనాఝురి చెట్ల మధ్య, ఖోయాయ్ ఒడ్డున శనివారం సంత ఉంది. 2000 ప్రాంతంలో కళాకారిణి శ్యామలీ ఖస్తగీర్ దాన్ని మొదలుపెట్టారు. ఆమె తండ్రి సుధీర్ ఖస్తగీర్ కూడా నందలాల్ శిష్యుడే. ఆమె పెట్టిన పద్ధతి సులువైనది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు స్వయంగా చేసింది తెచ్చుకుని, నేల మీద గుడ్డ పరుచుకుని అమ్ముకోవాలి. మధ్యలో దళారీ వద్దు. ఇంట్లో వండిన పిండివంటలు, కుట్టిన సంచులు, గింజలతో గుచ్చిన దండలు. సాయంత్రానికి సర్దుకుని వెళ్లిపోవాలి.

ఇప్పుడది వారంలో చాలా రోజులు నడుస్తోంది. పక్కన బౌల్ గాయకులు ఏక్‌తారా మీటుతుంటే, మరోపక్క సంతాల్ ఆడవాళ్లు యాత్రికులతో చేతులు కలిపి అడుగులేస్తుంటారు. కార్లు, రిసార్టులు. అడవి నేలలో అంగళ్లేమిటన్న వివాదం హరిత ట్రైబ్యునల్ దాకా పోయింది. ఆ అంగళ్లలో స్వయంగా చేసినవాళ్లెవరో, ఎక్కడి నుంచో తెచ్చి అమ్మేవాళ్లెవరో చెప్పడం కష్టమైపోయింది. మిషన్ కుట్టు కాంథా, కాంథాలా కనిపించే ప్రింటు, తోలులా కనిపించే రెక్సిన్ కలిసిపోయాయి. 2023లో శాంతినికేతన్‌కు యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. రద్దీ ఇంకా పెరిగింది.

వెళ్లాలనుకునేవాళ్లు చలికాలం చూసుకోవడం మంచిది. డిసెంబరు 1, 2 తేదీల్లో కళాభవన్‌లో నందన్ మేళా. నందలాల్ పుట్టినరోజుకు ముందు, 1973 నుంచి జరుగుతున్న పండగ. విద్యార్థులు, గురువులు చేసిన కుండలు, క్యాలెండర్లు, బొమ్మలు సామాన్యుడికి అందే ధరల్లో అమ్ముతారు. వచ్చిన డబ్బు కష్టంలో ఉన్న విద్యార్థులకు. ఆ తర్వాత డిసెంబరు చివర్లో పౌష్ మేళా. ఆశ్రమం లోపలికి, విగ్రహాల దగ్గరికి వెళ్లే నిబంధనలు 2020 తర్వాత చాలాసార్లు మారాయి. ముందే కనుక్కుని బయల్దేరాలి. హోటల్ బోల్‌పూర్‌లో తీసుకున్నా ఇబ్బంది లేదు, టోటోలో పావుగంట.

సంతలో కాంథా కొనేటప్పుడు అక్కడివాళ్లు చెప్పే కిటుకు ఒకటుంది. గుడ్డను తిరగేసి చూడాలి. చేత్తో కుట్టిందైతే వెనక కూడా అదే గీత నడుస్తుంది, ముడి ఎక్కడో చిన్నగా దాక్కుంటుంది, అక్కడక్కడా కుట్టు ఒక నూలు వాసి పొడుగవుతుంది. ప్రింటయితే వెనక బోసిగా ఉంటుంది. బేరం ఆడటానికి వచ్చినవాళ్లలో ఎక్కువమందికి ఈ సంగతి తెలియదు. సంత చివర, చెట్టు మొదట్లో, నాలుగు దుపట్టాలు పరుచుకుని కూర్చున్న ముసలామె మాత్రం ఎవరైనా వంగి చూడగానే ధర చెప్పదు. ముందు దుపట్టా తిరగేసి, వెనకవైపు చూపిస్తుంది.